వాతావరణ రంగంలో ఉద్యోగం వచ్చింది: చేరాలా వద్దా ఎలా తేల్చుకోవాలి?

ఆఫర్ లెటర్ వచ్చింది. హోదా పేరులో 'సస్టైనబిలిటీ' అనో 'నెట్ జీరో' (గాలిలోకి వదిలినంత కార్బన్‌ను వెనక్కి తీసేసి లెక్క సున్నా చేయడం) అనో 'కార్బన్' అనో ఉంది. జీతం బాగుంది. జవాబుకు వారం గడువిచ్చారు. అందరూ అభినందిస్తున్నారు. మీకు మాత్రం లోపల ఎక్కడో గుచ్చుకుంటోంది. ఎందుకంటే ఆ కంపెనీ చమురు తీసేది. లేదా కంపెనీ గాలిమరలదే, కానీ భూమి విషయంలో ఏదో గొడవ ఉందని చదివారు. లేదా అడవుల పేరు చెప్పి కార్బన్ క్రెడిట్లు (ఒకచోట ఆపిన ఉద్గారాలను ఇంకొకరు తమ లెక్కలో వేసుకోవడానికి కొనే పత్రాలు) అమ్మే సంస్థ, వాళ్ల లెక్కలు మీకు మింగుడు పడలేదు.

ఇలాంటప్పుడు చాలామంది కంపెనీ బోర్డు చూసి తీర్పు చెప్పేస్తారు. చమురైతే పాపం, సోలారైతే పుణ్యం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఆ లెక్క రెండు వైపులా తప్పుతుంది. కంపెనీ ఏం అమ్ముతుందో తెలుసుకోవాల్సిందే, కానీ అంతకంటే ముఖ్యం మీరు కూర్చోబోయే కుర్చీ ఏం చేస్తుందన్నది. మంచి కంపెనీలో చెడ్డ కుర్చీలుంటాయి, చెడ్డ కంపెనీలో పనికొచ్చే కుర్చీలుంటాయి. కింద చెప్పేదంతా ఆ కుర్చీని తూచడం గురించి. ఒక్క సాయంత్రంలో తేలదు గానీ వారం గడువు చాలు.

మొదటి అడుగు: గీత ముందే గీసుకోండి

జీతం అంకె చూడకముందే ఈ పని చేయాలి. చూసేశారా, పర్లేదు, ఇప్పుడైనా చేయండి. ఒక కాగితం మీద మీరు చేయని పనులు మూడు రాయండి. 'విలువలకు విరుద్ధమైనది చేయను' అని రాస్తే రాయనట్టే, ఆ గీత రబ్బరులా సాగుతుంది. 'తప్పని నాకు తెలిసిన అంకె కింద సంతకం పెట్టను', 'ఉద్గారాల చట్టాన్ని అడ్డుకునే లాబీయింగ్‌కు నోట్లు రాసివ్వను', 'ఊరివాళ్లు ఒప్పుకోని చోట ఒప్పుకున్నారని రిపోర్టు రాయను'. ఇలా రాయాలి. మీరు చేసే పని చూసి, గీత దాటారో లేదో పక్కవాడు కూడా చెప్పగలగాలి.

ఎందుకింత పట్టింపు అంటే, తప్పుడు పని ఎవరూ మొదటి రోజే చేతికివ్వరు. ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ మోసం 2015లో బయటపడింది. పరీక్షలో ఉన్నప్పుడు మాత్రమే పొగ తగ్గించి చూపే సాఫ్ట్‌వేర్ అది. ఆ కేసులో అమెరికా కోర్టు 2017లో జేమ్స్ లియాంగ్ అనే ఇంజినీరుకు 40 నెలల జైలు వేసింది. ఆయన కంపెనీ అధిపతి కాదు. కొత్త ఇంజిన్ రూపొందించమని అప్పగించిన బృందంలో ఒకరు. ఆ ఇంజిన్ అమెరికా ప్రమాణాలకు అందదని పనిలోకి దిగాకే తెలిసింది.

రెండో అడుగు: హోదా పక్కన పెట్టి, పని చదవండి

'క్లైమేట్ లీడ్' అనే మాటకు అర్థం లేదు. మొదటి ఆరు నెలల్లో మీ చేతి మీదుగా ఏమేం బయటికి వెళ్తాయో అడిగి రాసుకోండి. రిపోర్టా, డిజైనా, ప్రకటనా, అనుమతి దరఖాస్తా? స్థూలంగా ఈ ఉద్యోగాలు నాలుగు రకాలు: యంత్రాన్ని మార్చేవి, లెక్క కట్టేవి, చెప్పుకునేవి, చట్టాలను అటో ఇటో తోసేవి. నైతికంగా వీటి బరువులు ఒకటి కావు.

చమురు కంపెనీలోనే రెండు ఆఫర్లు తీసుకుందాం. ఒకటి పైపుల్లోంచి లీకయ్యే మీథేన్‌ను కనిపెట్టి ఆపించే ఇంజినీరు పని. రెండోది ఆ కంపెనీ పచ్చగా మారుతోందని జనానికి చెప్పే కమ్యూనికేషన్స్ పని. 20 ఏళ్ల కాలానికి లెక్కేస్తే మీథేన్ వేడిని పట్టి ఉంచే శక్తి కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు ఎక్కువ. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో చాలా దేశాలు కలిసి 2030కల్లా మీథేన్‌ను 2020 స్థాయి కంటే 30 శాతం తగ్గిస్తామని మాటిచ్చాయి. ఆ మాట నిలవాలంటే ఎవరో ఒకరు పైపుల వెంట కెమెరా పట్టుకుని తిరగాలి. ఆ ఇంజినీరు కుర్చీలో కూర్చోవడానికి నాకు అభ్యంతరం లేదు. రెండో కుర్చీలో నేను కూర్చోను. పైగా ఆ రెండో కుర్చీ కింద నేల కూడా కదులుతోంది. 2024లో యూరోపియన్ యూనియన్ తెచ్చిన నిబంధనల ప్రకారం, క్రెడిట్లు కొన్నాం కాబట్టి మా వస్తువు 'కార్బన్ న్యూట్రల్' అని చెప్పుకోవడం 2026 సెప్టెంబర్ నుంచి అక్కడ కుదరదు.

యంత్రాన్ని మార్చే పనులన్నీ మంచివేనా అంటే, కాదు. కార్బన్ క్యాప్చర్ (పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే పని) ఉద్యోగం వస్తే ఒక్క ప్రశ్న అడగండి: పైపు రెండో చివర ఎక్కడుంది? టెక్సాస్‌లో 2017లో పని మొదలుపెట్టిన పెట్రా నోవా ప్లాంటు సంగతి చూడండి. బొగ్గు విద్యుత్ కేంద్రం పొగలోంచి కార్బన్ డయాక్సైడ్ పట్టి, సుమారు 130 కిలోమీటర్ల దూరం పైపులో పంపి, పాత చమురు క్షేత్రంలోకి ఎక్కించారు. దేనికంటే అడుగున మిగిలిన చమురును పైకి నెట్టడానికి. 2020లో చమురు ధర పడిపోగానే కార్బన్ పట్టడమే ఆపేశారు. తిరిగి 2023లో మొదలైంది. అక్కడి ఇంజినీర్ల నైపుణ్యం మీద నాకు అనుమానం లేదు. వాళ్ల పని నడవాలా వద్దా అన్నది చమురు ధర చేతిలో ఉంది, అంతే. సిమెంట్ ఫ్యాక్టరీ దగ్గర అదే పరికరం పెట్టి, పట్టిన వాయువును భూగర్భంలో శాశ్వతంగా పాతిపెడితే కథ వేరు. సిమెంట్‌లో సున్నపురాయిని కాల్చినప్పుడు రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ఇంధనం మార్చినంత మాత్రాన అది ఆగదు.

మూడో అడుగు: కంపెనీ లెక్కల్లో మూడు చోట్ల వేలు పెట్టండి

సస్టైనబిలిటీ రిపోర్టు వంద పేజీలుంటుంది. బొమ్మలు, పిల్లల నవ్వులు, ఆకులు వదిలేయండి. చివరి పట్టికలకు వెళ్లండి.

మొదట స్కోప్ 3 చూడండి. కంపెనీ సొంత చిమ్నీల పొగ స్కోప్ 1, కొనుక్కున్న కరెంటు వెనక ఉన్న పొగ స్కోప్ 2, సరఫరాదారుల దగ్గర, అమ్మిన సరుకు వాడకంలో పుట్టే పొగ స్కోప్ 3. చమురు కంపెనీకి అసలు బరువంతా ఈ మూడో దాంట్లోనే, ఎందుకంటే చమురును కాల్చేది కొనుక్కున్నవాడు. 'మా కార్యకలాపాల్లో నెట్ జీరో' అన్న మాట కనిపిస్తే స్కోప్ 3ని గడప బయటే వదిలేశారేమో చూడండి.

తర్వాత, తగ్గింపు మొత్తంలోనా, ఒక్కో యూనిట్‌లోనా? కంపెనీ గతంలో 1,000 యూనిట్లు తయారుచేసేది, ఒక్కోదానికి 100 కిలోల ఉద్గారం. ఇప్పుడు యూనిట్‌కు 80 కిలోలే. '20 శాతం తగ్గించాం' అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. కానీ తయారీ 1,500 యూనిట్లకు పెరిగింది. మొత్తం లక్ష కిలోల నుంచి లక్షా ఇరవై వేలకు చేరింది. గాలికి యూనిట్లు తెలియవు. ఫుట్‌నోట్‌లో 'ఇంటెన్సిటీ' అన్న మాట ఉంటే ఈ గుణకారం మీరే వేసుకోండి.

మూడోది, కొత్త పెట్టుబడి ఎటు పోతోంది? లక్ష్యాలు మాటలు, పెట్టుబడులు చేతలు. బ్రిటిష్ చమురు కంపెనీ బీపీ 2030కల్లా చమురు, గ్యాస్ ఉత్పత్తిని 40 శాతం తగ్గిస్తామని 2020లో ప్రకటించింది. 2023లో దాన్ని 25 శాతానికి దించింది. 2025 ఫిబ్రవరికల్లా దారి మార్చి, చమురు గ్యాస్ మీదే ఖర్చు పెంచుతామంది. 2020లో ఆ మాట నమ్మి చేరినవాళ్లు అయిదేళ్లలో మరో కంపెనీలో ఉన్నట్టయింది, కుర్చీ మారకుండానే. దీనికి పూర్తిగా ఎదురు డెన్మార్క్ కంపెనీ ఓర్‌స్టెడ్. ఒకప్పుడు దాని పేరులోనే చమురు, సహజవాయువు ఉండేవి. 2017లో ఆ వ్యాపారాన్ని అమ్మేసింది, అదే ఏడాది పేరు కూడా మార్చుకుంది. అమ్మేసిన ఆ బావులు మూతపడలేదు, వేరేవాళ్ల చేతికి పోయాయి, అది నిజమే. అయినా, వెనక్కి తీసుకోగల మాటకూ చేసేసిన పనికీ ఉన్న తేడా ఇక్కడ కనబడుతుంది. మీ ఆఫర్ వెనకున్న హామీ ఈ రెంటిలో ఏ రకమో తేల్చుకోండి.

నాలుగో అడుగు: కార్బన్ క్రెడిట్ల ఉద్యోగమైతే, ఒక గడి వెతకండి

ఇక్కడ కాస్త ఆగాలి. ఈ రంగంలోకి మంచి మనసుతో వచ్చేవాళ్లు చాలామంది, వచ్చి ఇరుక్కునేవాళ్లూ చాలామందే.

అడవిని కాపాడే ప్రాజెక్టు అనుకోండి. పదివేల హెక్టార్లు. ప్రాజెక్టు లేకపోతే ఏటా 3 శాతం, అంటే 300 హెక్టార్లు నరికేసేవారని అంచనా. నిజంగా పోయింది 50. కాబట్టి 250 హెక్టార్లు కాపాడామని క్రెడిట్లు పుడతాయి. ఇప్పుడు ఆ 3 శాతాన్ని 1 శాతం చేయండి. లేకపోతే పోయేది 100, పోయింది 50, కాపాడింది 50. క్రెడిట్లు అయిదో వంతుకు పడిపోయాయి. అడవిలో ఒక్క చెట్టు కూడా అటూ ఇటూ కాలేదు. మారిందల్లా స్ప్రెడ్‌షీట్‌లో ఒక గడి. ఆ గడిలో ఉన్నది జరగని భవిష్యత్తు గురించిన ఊహ, దాన్ని ఎవరూ వెళ్లి కొలవలేరు.

అనలిస్ట్‌గా చేరితే ఆ గడి మీ చేతిలో ఉంటుంది. అందుకే ఆఫర్ లెటర్‌లో బోనస్ పేరా రెండుసార్లు చదవండి. పుట్టించిన క్రెడిట్ల సంఖ్యను బట్టి బోనస్ అయితే, ఆ గడిని పైకి జరపమని మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మీ మనసే నెమ్మదిగా జరుపుతుంది, కారణాలు కూడా అదే వెతికి పెడుతుంది. తనిఖీ చేసేవాళ్లున్నారు కదా అంటారు. సాధారణంగా ఆ తనిఖీదారుకు ఫీజు చెల్లించేది ప్రాజెక్టు వాళ్లే.

ఇంకా అడగాల్సినవి: ఇక్కడ నరకనివ్వకపోతే పక్క లోయలో నరుకుతున్నారా? రేపు కార్చిచ్చు వస్తే ఏం చేస్తారు? ఆ క్రెడిట్ కొని ఎవరో గాలిలోకి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో కొంత వాటా వేల ఏళ్లు అక్కడే ఉంటుంది, మీ అడవి ఒప్పందం ఎన్నేళ్లు? కొనేవాళ్లు ఎవరు అన్నది కూడా అడగండి. తగ్గించగలిగినంత తగ్గించి, మిగిలినదానికి కొంటున్నారా, తగ్గించకుండా ఉండటానికి కొంటున్నారా? రెండో రకానికి మనవాళ్లు ఎప్పుడో చెప్పారు, అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని.

ఇంత చెప్పాక కూడా, ఆ గడిలో నిజాయితీగా తక్కువ అంకె వేసే మనిషి కావాలి. మీరు తక్కువ వేస్తే దాన్ని నిలబెట్టే పై అధికారి ఉన్నాడా అన్నదాన్ని బట్టే మీ జవాబు ఉండాలి.

అయిదో అడుగు: పచ్చ బోర్డు వెనక ఎవరున్నారో చూడండి

గాలిమరల కంపెనీ అనగానే మనం ప్రశ్నలు ఆపేస్తాం. మేడిపండు పొట్ట విప్పాల్సింది ఇక్కడే. నార్వేలో ఫోసెన్ ప్రాంతంలో 151 గాలిమరలు నిలబెట్టారు. అవి తిరుగుతుండగానే, 2021 అక్టోబర్‌లో ఆ దేశ సుప్రీంకోర్టు, అక్కడ రెయిన్‌డీర్‌లను మేపుకునే సామీ ప్రజల సాంస్కృతిక హక్కులకు భంగం కలిగిందని, లైసెన్సులు చెల్లవని తేల్చింది. కరెంటు శుభ్రమైనదే, అనుమతి కాదు. సరఫరా గొలుసు కూడా అంతే. బ్యాటరీల్లో వాడే కోబాల్ట్ లోహం చూడండి: ప్రపంచంలో తవ్వేదాంట్లో మూడింట రెండు వంతులకు పైగా కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం నుంచి వస్తుంది, అక్కడి చిన్న గనుల్లో పిల్లలు పనిచేయడం నమోదైన విషయం. బ్యాటరీ కంపెనీలో కొనుగోలు విభాగం ఆఫరైతే ఇది మీ బల్ల మీది ఫైలు. అదే కంపెనీలో సాఫ్ట్‌వేర్ పనైతే మీకు సంబంధం లేదనను, కానీ దూరం ఎక్కువ.

సూర్యకాంతిని కాస్త వెనక్కి తిప్పికొట్టి భూమిని చల్లబరచాలనే పరిశోధనల్లోనూ ఉద్యోగాలు వస్తున్నాయి. హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2021లో స్వీడన్‌లో ఒక బెలూన్ పరికరాన్ని ఎగరేసి చూద్దామనుకున్నారు. ఆ సారి కాంతిని తిప్పికొట్టే రేణువులేవీ వదలబోమన్నారు. అయినా సామీ కౌన్సిల్ అభ్యంతరం చెప్పింది, ప్రయోగం ఆగింది, 2024లో ప్రాజెక్టునే ముగించారు. ఆకాశం అందరిదీ అయినప్పుడు ఎవరి అనుమతి అడగాలన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు లేకపోయింది. మీకు వచ్చిన ఆఫర్‌లో ఆ ప్రశ్నకు జవాబుందేమో చూడండి.

ఆరో అడుగు: రెండు తియ్యటి వాదనలను పరీక్షించండి

'నేను చేరకపోతే ఇంకొకరు చేరతారు' అన్నది మొదటిది. 1973లో బ్రిటిష్ తత్వవేత్త బెర్నార్డ్ విలియమ్స్ ఒక ఊహాకథ చెప్పాడు. జార్జ్ అనే రసాయన శాస్త్రవేత్తకు ఉద్యోగం లేదు, ఇంట్లో చిన్నపిల్లలు, ఆరోగ్యం అంతంతమాత్రం. రసాయన, జీవాయుధాల ప్రయోగశాలలో ఉద్యోగం ఉందని ఒక పెద్దాయన చెప్తాడు. జార్జ్‌కు ఆ ఆయుధాలంటే గిట్టదు. వద్దంటే ఆ కుర్చీలోకి ఇంకా ఉత్సాహంగా ఆ పని చేసేవాడు వస్తాడు. ఫలితాల లెక్క ప్రకారం జార్జ్ చేరిపోవాలి. మనిషి తన జీవితాన్ని ఏ విలువల చుట్టూ కట్టుకున్నాడో వాటిని ఈ లెక్క పట్టించుకోవడం లేదన్నది విలియమ్స్ అభ్యంతరం.

నా ఉద్దేశంలో ఇందులో సగం నిజం ఉంది. వందమంది దరఖాస్తు చేసిన ఉద్యోగమైతే మీరు మానేయడం వల్ల కంపెనీ ఆగదు. అదే వాదన మంచి ఉద్యోగాలకూ వర్తిస్తుందని మాత్రం ఎవరూ చెప్పరు. గాలిమరల కంపెనీలో మీరు చేరకపోయినా ఇంకొకరు చేరతారు, అప్పుడు మీరు చేసిన మేలు ఎంత? కాబట్టి ఆ 'ఇంకొకరు' ఎవరో నిజంగా ఊహించండి. మీకంటే అజాగ్రత్తగా సంతకాలు పెట్టేవాడా? మీలాంటివాడేనా? అరుదైన నైపుణ్యం ఉన్నవాళ్లకు ఈ వాదన అసలు పనిచేయదు, ఎందుకంటే వాళ్లు వద్దంటే పని నెలల తరబడి ఆగుతుంది.

రెండోది, 'లోపలికి వెళ్లి మారుస్తాను'. అమెరికా చమురు కంపెనీ ఎక్సాన్‌లో జేమ్స్ బ్లాక్ అనే శాస్త్రవేత్త 1977లోనే శిలాజ ఇంధనాల వల్ల భూమి వేడెక్కుతుందని పై అధికారులకు వివరించారు. ఆ కంపెనీ శాస్త్రవేత్తలు వేసిన ఉష్ణోగ్రత అంచనాలు చాలావరకు నిజమయ్యాయని 2023లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. లోపల మంచి సైన్స్ ఉంది, బయట కంపెనీ అనుమానాలు నాటింది. లోపల ఉండటం వేరు, లోపల మాట చెల్లడం వేరు. చెల్లుతుందో లేదో తెలియాలంటే మీరు ఎవరికి రిపోర్ట్ చేస్తారో చూడండి. మార్కెటింగ్ అధిపతికైతే, మీరు అలంకారం. ప్లాంట్ అధిపతికో ఫైనాన్స్ అధిపతికో అయితే, కొంత ఆశ ఉంది.

ఏడో అడుగు: మీ పరిస్థితి కూడా లెక్కలోదే

అప్పులు, ఆధారపడినవాళ్లు, వీసా గడువు. వీటిని తలచుకోవడం స్వార్థమని అనుకోనక్కర్లేదు. అవసరం కొద్దీ చేరితే 'అవసరం కొద్దీ చేరాను' అనే రాసుకోండి. దానికి గొప్ప ఆశయం తొడిగితే రెండేళ్ల తర్వాత బయటికి రావడం కష్టమవుతుంది. చేరిన నెల నుంచే కొన్ని నెలల ఖర్చు పక్కన పెట్టడం మొదలెట్టండి. చేతిలో డబ్బు ఉంటేనే 'సంతకం పెట్టను' అన్న మాట నోట వస్తుంది.

ఎనిమిదో అడుగు: ఇవి అడగండి, మౌనాన్ని కూడా వినండి

ఆఫర్ ఇచ్చాక అడిగే హక్కు మీదే. నేనైతే ఇలా అడుగుతాను: "ఈ టీమ్ చెప్పడం వల్ల కంపెనీ చివరిసారి ఆపేసిన పని ఏది?" "నాకంటే ముందు ఈ ఉద్యోగంలో ఉన్నవారు ఎందుకు వెళ్లారు?" "లక్ష్యం అందకపోతే ఎవరి జీతంలో కోత పడుతుంది?" "కంపెనీ ఏ వ్యాపార సంఘాల్లో సభ్యురాలు, ఆ సంఘాలు వాతావరణ చట్టాల మీద ఏం కోరుతున్నాయి?"

ఒకసారి మొదటి ప్రశ్న అడిగాను. అవతలి ఆయన కాసేపు ఆలోచించి, వాళ్లు తీయించిన అవార్డు వీడియో గురించి చెప్పడం మొదలుపెట్టారు. మంచి మనిషే. ఆపిన పని ఒక్కటీ గుర్తురాలేదు, అంతే. ఆ రాత్రే జవాబు రాసేశాను.

హెచ్ఆర్ కాకుండా, ఆ కంపెనీ వదిలేసిన ఇద్దరితో మాట్లాడండి. కోపంగా వెళ్లినవారొకరు, మామూలుగా వెళ్లినవారొకరు. ఇద్దరూ ఒకే విషయం చెప్తే అది దాదాపు నిజమే.

ఒప్పంద పత్రంలో గోప్యత నిబంధన చూడండి. వ్యాపార రహస్యాలు దాచమనడం మామూలే, చట్ట ఉల్లంఘనను అధికారులకు చెప్పకూడదన్నట్టు రాసి ఉంటే న్యాయవాదికి చూపించండి. నోటీస్ పీరియడ్, చేరినప్పుడు ఇచ్చే బోనస్ తిరిగి కట్టాల్సిన గడువు కూడా గుర్తుపెట్టుకోండి. వెళ్లిపోవాలనుకున్న రోజు మిమ్మల్ని ఆపేవి ఇవే.

తొమ్మిదో అడుగు: అరపేజీ రాసి, జవాబు పంపండి

ఈ కుర్చీ ఏం మారుస్తుంది, ఎవరికి నష్టం, నా గీత ఎక్కడ, నేను ఎందుకు చేరుతున్నాను లేదా చేరడం లేదు. అరపేజీ మించొద్దు. మీతో ఏకీభవించని స్నేహితుడికి చూపించండి. ఎప్పుడూ 'నువ్వు చేసిందే కరెక్ట్' అనేవాళ్లకు చూపి లాభం లేదు.

షరతుతో చేరాలనుకుంటే చేరకముందే మెయిల్‌లో పెట్టండి: "నేను తయారుచేసే అంకెల మీద తుది నిర్ణయం నాది కాకపోయినా, నా అభ్యంతరాన్ని ఫైల్‌లో రాతపూర్వకంగా ఉంచే వీలు కావాలి." సరే అంటే ఒక ఆధారం చేతికొచ్చింది. అదోలా నవ్వి దాటేస్తే, అదీ సమాచారమే. వద్దనుకుంటే రెండు వాక్యాలు చాలు: "మీ ఆఫర్‌కు ధన్యవాదాలు. ఉత్పత్తి పెంచే ప్రణాళిక ఉన్నంతకాలం ఈ బాధ్యతకు నేను న్యాయం చేయలేనని అనిపించింది." కారణం చెప్పాల్సిన పని లేదు గానీ, చెప్తే అది లోపల ఎవరికో ఒకరికి అక్కరకొస్తుంది.

చేరితే గనక, ఆరు నెలల తర్వాతి తేదీ ఒకటి ఫోన్ క్యాలెండర్‌లో పెట్టి, ఆ అరపేజీ ఫొటోను దానికి జతచేయండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రం పెట్టకండి.